బోదె కింది బలగం

సంక్రాంతి దాటి పసుపు తవ్వకాలు మొదలయ్యాక నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి చుట్టుపక్కల చేలల్లో పైకి కనిపించేది ఎండిన ఆకు మాత్రమే. దాన్ని కోసి పక్కన పడేస్తే బోదెలు బోసిపోతాయి. వానాకాలం మొదట్లో పెట్టిన విత్తనం, మక్క నీడలో ఎదిగిన మొక్క, నెలల తరబడి పెట్టిన నీరు, చల్లిన ఎరువు, అంతా నేల కిందే ఉంటుంది. దుంపను పెకలించి చేతిలోకి తీసుకుంటే నడుమ మండ, చుట్టూ కొమ్ములు, కొమ్ముల సందుల్లో మట్టి. ఆ మట్టిని దులిపేసి దుంపను కుప్పలో వేస్తారు. ఈ అధ్యాయం ఆ దులిపేసిన మట్టి గురించి.

అందులోంచి ఒక్క గ్రాము తీసుకుందాం. సాగు నేలలో గ్రాముకు బాక్టీరియాలు కోట్లలో ఉంటాయి, మంచి నేలైతే వంద కోట్లు కూడా దాటుతాయి. వైరస్‌ కణాలూ కోట్లలోనే. వీటి నడుమ ఆర్కియా అనే ఇంకో జాతి ఉంది. సంఖ్యలో బాక్టీరియాల కంటే తక్కువే అయినా చేసే పని తక్కువది కాదు. చేనుకు తెగులొస్తే మందు కొట్టించడం, ఒంట్లో నలతగా ఉంటే సూది వేయించుకోవడం మనకు అలవాటు. ఏ జాతి మీదికి ఏ మందు పోతున్నదో అడగం. అడిగి తీరాలి. ఎందుకంటే పసుపు మొక్కకూ దాన్ని తవ్వే మనిషికీ మధ్య ఉన్న తేడా కంటే బాక్టీరియాకూ ఆర్కియాకూ మధ్య ఉన్న తేడా పెద్దది. వైరస్‌ ఈ రెండింటికీ దూరం. ఒకదాన్ని చంపేది ఇంకోదాన్ని తాకనైనా తాకదు. ఎవరికి ఏముంది, ఏం లేదు అన్నది తెలిస్తే తక్కినదంతా దానంతట అదే అర్థమవుతుంది.

ముందు బాక్టీరియా. నిజామాబాద్ జిల్లాలో సోయా వేసిన చేను ఏదైనా సరే, పూతకొచ్చే వేళ ఒక మొక్కను వేళ్లు తెగకుండా మెల్లగా పెకలించండి. వేళ్ల మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగానో ముదురు గులాబీ రంగులోనో ఉంటే బుడిపె పని చేస్తున్నట్టు. ఆకుపచ్చగానో బూడిద రంగులోనో ఉంటే దాని పని అయిపోయిందనో, అసలు మొదలే కాలేదనో అర్థం. ఆ ఎరుపు లెగ్‌హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌ది. మన రక్తానికి రంగునిచ్చే హిమోగ్లోబిన్ కుటుంబమే అది. బుడిపెలో కాపురముండే బ్రాడీరైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకిస్తుంది. గాలిలో నత్రజని 78 శాతం ఉన్నా ఏ మొక్కా దాన్ని నేరుగా తీసుకోలేదు. నత్రజనిని అమ్మోనియాగా మార్చే బాక్టీరియా ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది, కానీ బాక్టీరియా బతకడానికి ఆక్సిజన్ కావాలి. ఈ చిక్కును విప్పేదే ఆ ఎర్ర ప్రొటీన్. ఆక్సిజన్‌ను పట్టి ఉంచి కొద్దికొద్దిగా అందిస్తుంది. విత్తే ముందు రైజోబియం పొడిని బెల్లం నీళ్లలో కలిపి గింజకు పట్టించి నీడన ఆరబెట్టే రైతు, నిజానికి గింజతోపాటు ఒక ఎరువుల ఫ్యాక్టరీని కూడా విత్తుతున్నాడు.

బాక్టీరియా పొడవు సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. రెండు మైక్రాన్లున్నవీ చాలానే. లోపల కేంద్రకం ఉండదు. డీఎన్‌ఏ ఎక్కువగా చుట్టలా ముడుచుకున్న ఒకే వలయం. మన పేగుల్లో ఉండే ఈ.కోలి డీఎన్‌ఏలో 46 లక్షల అక్షరాలు, 4,000 పైచిలుకు జన్యువులు ఉంటాయి. ప్రొటీన్లు తయారుచేసుకునే రైబోజోములు వేలల్లో ఉంటాయి. చుట్టూ పొర, పొర మీద గోడ. ఆ గోడ పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో అల్లినది. ఈ పేరును గుర్తుంచుకోండి. ఈ పదార్థం మన ఒంట్లో లేదు, పసుపు మొక్కలో లేదు, ఆర్కియాలో లేదు.

ఈ.కోలి 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుందని పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. తిండి పుష్కలంగా ఉన్న ప్రయోగశాల గాజుపాత్రలో అది నిజం. బోదెలోని మట్టిలో పరిస్థితి వేరు. అక్కడ చాలా బాక్టీరియాలు ఎక్కువ కాలం ఆకలితో, కదలిక లేకుండా పడి ఉంటాయి. వేరు నుంచి కాస్త చక్కెర ఊరితే, వాన పడితే లేస్తాయి. తొలకరికి చెల్క నేల నుంచి లేచే మట్టి వాసన స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియాలు తయారుచేసే జియోస్మిన్‌ది. ఓర్పులో బాక్టీరియాలకు సాటి లేదు. 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు పట్టి తెచ్చింది. ఆ ఎత్తులో చలి, అతినీలలోహిత కిరణాలు భయంకరంగా ఉంటాయి. అయినా ఆ గాలిలోంచి 12 బాక్టీరియా సమూహాలు పెరిగాయి. వాటిలో మూడు లోకానికి కొత్తవి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో ఎస్. శివాజీ బృందం 2009లో వాటికి పేర్లు పెట్టింది. ఒకదానికి ఆర్యభటుడి పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఇంకోదానికి ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హాయిల్ పేరు.

ఇప్పుడు పసుపు చేనులో యూరియా చల్లారనుకుందాం. బస్తాలో ఉన్నది 46 శాతం నత్రజని. మట్టిలోని సూక్ష్మజీవుల ఎంజైము యూరియాను విరిచి అమ్మోనియం చేస్తుంది. అమ్మోనియానికి ధన విద్యుదావేశం ఉంటుంది కనుక బంకమట్టి రేణువులను పట్టుకుని ఉంటుంది. అది అలాగే ఉంటే మొక్క నెమ్మదిగా తీసుకునేది. కానీ దాన్ని తినే జీవులు కాచుకుని ఉంటాయి. అవి అమ్మోనియాను నైట్రైట్‌గా మారిస్తే, వేరే జాతులు నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచలేదు. ఒక గట్టి వాన పడితే నీటితోపాటు వేరుకు అందని లోతుకు దిగిపోతుంది. రైతు డబ్బు నేలలోకి ఇంకిపోయేది ఇలాగే.

ఈ పని బాక్టీరియాలదేనని వందేళ్లకు పైగా అనుకున్నారు. 2005లో సియాటిల్‌లోని ఒక ఆక్వేరియం నుంచి అమ్మోనియాను తినే ఆర్కియాను వేరుచేశారు. మరుసటి ఏడాది వేర్వేరు వాతావరణాల్లోని 12 రకాల నేలలను పరీక్షిస్తే, అమ్మోనియా తినడానికి కావాల్సిన జన్యువు బాక్టీరియాల్లో కంటే ఆర్కియాలోనే ఎక్కువగా దొరికింది. కొన్ని చోట్ల 3,000 రెట్ల దాకా ఎక్కువ. ఆ తర్వాతి పరిశోధనలు ఇంకో సంగతి తేల్చాయి. అమ్మోనియా తక్కువున్న చోట ఆర్కియాదే పైచేయి, ఎరువు కుమ్మరించిన చోట బాక్టీరియాలు పుంజుకుంటాయి. ఎరువు వేసే తీరును బట్టి బోదె కింద ఎవరి రాజ్యం నడవాలో తేలిపోతుందన్నమాట. 2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియాకంతా వేపనూనె పూత తప్పనిసరి చేసిన కారణాల్లో నత్రజని ఇలా ఇంకిపోకుండా చూడటం ఒకటి. వేపలోని పదార్థాలు ఈ అమ్మోనియా తినే జీవులను కొన్నాళ్లు మందగింపజేస్తాయి.

ఆర్కియాను వేరే జాతిగా గుర్తించి ఇంకా 50 ఏళ్లు నిండలేదు. సూక్ష్మదర్శినిలో చూస్తే అవి బాక్టీరియాల్లాగే ఉంటాయి. అదే పరిమాణం, అవే ఆకారాలు, కేంద్రకం లేదు. ఆకారాన్ని నమ్మకుండా లోపలి రాతను చదివినవాడు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన కార్ల్ వోస్. ప్రతి జీవిలోనూ రైబోజోము ఉంటుంది కాబట్టి, రైబోజోములోని ఆర్‌ఎన్‌ఏ అక్షరాల వరసను పోల్చి చూస్తే ఎవరికి ఎవరు దగ్గర చుట్టమో తెలుస్తుందని ఆయన ఆలోచన. అప్పట్లో అది ఏళ్ల తరబడి సాగే చాకిరీ. ఎక్స్‌రే ఫిల్ముల మీద నల్లటి చుక్కలను చదువుతూ కూర్చోవాలి. ఒకరోజు పక్క ల్యాబులోని రాల్ఫ్ వుల్ఫ్ తన దగ్గరున్న మీథేన్ సూక్ష్మజీవులను ఇచ్చారు. వాటి రాత బాక్టీరియాల రాతతో కలవలేదు, మొక్కల, జంతువుల రాతతోనూ కలవలేదు. 1977 నవంబరులో వోస్, జార్జ్ ఫాక్స్ కలిసి జీవరాశిలో మూడో శాఖ ఉందని ప్రకటించారు. పెద్ద పెద్దవాళ్లు నమ్మలేదు. నోబెల్ గ్రహీత సాల్వడార్ లూరియా స్వయంగా ఫోన్ చేసి, ఈ గొడవకు దూరంగా ఉండమని వుల్ఫ్‌ను హెచ్చరించారు. వోస్ నోబెల్ రాకుండానే 2012 డిసెంబరులో కన్నుమూశారు. నా దృష్టిలో గత శతాబ్దపు జీవశాస్త్రంలో ఆయన పనికి సాటి వచ్చేవి కొద్దే.

జీవవృక్షాన్ని మార్చేసిన ఆ మీథేన్ జీవులు మనకు కొత్తవేం కావు. బర్రె కడుపులో ఉన్నాయి, గోబర్ గ్యాస్ తొట్టిలో ఉన్నాయి, శ్రీరాంసాగర్ ఆయకట్టు వరి మళ్లలోనూ ఉన్నాయి. నీళ్లు నిలిచిన మడిలో అడుగు వేస్తే బుడబుడమంటూ పైకొచ్చే బుడగల్లో మీథేన్ ఉంటుంది. నీటి కింద మట్టిలో ఆక్సిజన్ అయిపోగానే ఈ ఆర్కియా పనిలోకి దిగుతాయి. హైడ్రోజన్‌నూ కార్బన్ డయాక్సైడ్‌నూ కలిపి మీథేన్ చేసి, ఆ శక్తితో బతుకుతాయి. ఆ మీథేన్‌లో చాలా భాగం వరి కాడలోని గాలి గొట్టాల గుండానే బయటికి పోతుంది. మీథేన్ తయారీని బతుకుతెరువుగా చేసుకున్న జీవులు ఆర్కియాలోనే ఉన్నాయి. పశువు నెమరు వేస్తూ త్రేన్చినప్పుడు బయటికొచ్చేది వీటి మీథేనే. పొలాన్ని మధ్యమధ్య ఆరబెట్టి నీరు పెట్టమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పడంలో నీటి పొదుపుతోపాటు ఈ లెక్క కూడా ఉంది. మట్టికి గాలి తగిలితే ఈ జీవుల పని ఆగిపోతుంది.

ఆర్కియా పొరలోని కొవ్వుల అల్లిక వేరు. అందుకే వాటిలో కొన్ని మరిగే ఊటల్లోనూ ఉప్పు గడ్డకట్టే మళ్లలోనూ బతకగలవు. గోడలో పెప్టిడోగ్లైకాన్ ఉండదు. డీఎన్‌ఏను చదివే యంత్రాంగం మాత్రం మన కణాల్లోని దాన్ని పోలి ఉంటుంది. ఈ పోలిక ఊరికే రాలేదు. 2015లో ఆర్కిటిక్ సముద్రపు అడుగు బురదలో లోకీ ఆర్కియా అనే సమూహం డీఎన్‌ఏ దొరికింది. మన కణాల్లో తప్ప ఇంకెక్కడా ఉండవనుకున్న జన్యువులు కొన్ని అందులో ఉన్నాయి. ఆ బంధువర్గంలో ఒకదాన్ని జపాన్ శాస్త్రవేత్తలు పన్నెండేళ్ల ఓపికతో ప్రయోగశాలలో పెంచి 2020లో చూపించారు. ఇప్పుడు చాలామంది ఒప్పుకునే కథ ఇది. సుమారు రెండు వందల కోట్ల ఏళ్ల కింద ఒక ఆర్కియాకూ ఒక బాక్టీరియాకూ పొత్తు కుదిరింది. లోపల చేరిన బాక్టీరియా మైటోకాండ్రియాగా మిగిలింది. ఆ పొత్తు సంతానమే కేంద్రకమున్న ప్రతి జీవీ. తర్వాత ఇంకో బాక్టీరియా వచ్చి చేరి ఆకుల్లోని హరితరేణువు అయింది. పసుపు ఆకు పచ్చదనం బాక్టీరియా వారసత్వం. ఆ ఆకును కోసే చేతిలోని ప్రతి కణానికీ ఆర్కియా మూలపురుషుడు. మనిషికి జబ్బు తెచ్చే ఆర్కియా ఉన్నట్టు ఇంతవరకు రుజువు కాలేదు.

వైరస్‌ ఈ వంశవృక్షంలో ఏ కొమ్మకూ చెందదు. కొమ్మలన్నింటి మీదా ఉంటుంది. దాన్ని అర్థం చేసుకోవడానికి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పని నుంచి మొదలుపెట్టడం మంచిది. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన 1929లో కండరంలో ఏటీపీ అనే అణువును గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా గుర్తించారు. ఏటీపీ ప్రతి కణమూ శక్తిని ఖర్చుపెట్టే నాణెం. మన గుండె కొట్టుకునేది, పసుపు దుంప మొలకెత్తేది దానితోనే. వైరస్‌కు ఏటీపీ తయారుచేసుకునే శక్తి లేదు. రైబోజోము లేదు. పొరుగు కణంలోకి చొరబడితే తప్ప తన నకలును తాను తీసుకోలేదు. ఉన్నదల్లా కాస్త డీఎన్‌ఏ లేదా ఆర్‌ఎన్‌ఏ, దాని చుట్టూ ప్రొటీన్ తొడుగు, కొన్నింటికి పైన ఒక కొవ్వు పొర. వైరస్‌కు ప్రాణముందా లేదా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. రైతుకూ రోగికీ ఆ వాదన కంటే దానికి ఏమేం లేవన్న జాబితా ఎక్కువ పనికొస్తుంది.

మనిషి మొదట గుర్తించిన వైరస్‌ పొగాకుది. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ, తెగులు సోకిన పొగాకు రసాన్ని బాక్టీరియాలు దూరలేని పింగాణి వడపోతలో వడగట్టి చూశారు. వడగట్టిన రసమూ తెగులు తెచ్చింది. 1898లో హాలెండ్‌లో బైజరింక్, ఇది బాక్టీరియా కాదు, కణంలో మాత్రమే పెరిగే వేరే పదార్థమని తేల్చారు. 1935లో వెండెల్ స్టాన్లీ దాన్ని స్ఫటికాలుగా మార్చి చూపిస్తే లోకం విస్తుపోయింది. 300 నానోమీటర్ల పొడవు, 18 నానోమీటర్ల మందం ఉన్న కడ్డీ అది. 6,400 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ చుట్టూ 2,130 ప్రొటీన్ ముక్కలు మెట్ల వరసలా చుట్టుకుని ఉంటాయి. ఎండి పొడి అయిన పొగాకులోనూ ఇది చెడిపోకుండా ఉంటుంది. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే ఇళ్లు ఎన్నో ఉన్నాయి కనుక ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. బీడీ తంబాకు ముట్టిన చేత్తో టమాటా, మిరప నారును తాకితే ఆ తెగులు నారుకు అంటుకోవచ్చు. నారుమడిలోకి దిగేముందు సబ్బుతో చేతులు బాగా కడుక్కోండి.

పెసరలో పల్లాకు తెగులు, బెండలో శంఖు రోగం కూడా వైరస్‌ల పనే. వాటిని మోసేది తెల్లదోమ. ఆకు పసుపుబారాక ఏ మందు కొట్టినా ఆ మొక్కలోని వైరస్‌ పోదు. మొక్కను పీకేయాలి, దోమను అరికట్టాలి, తట్టుకునే రకం వేసుకోవాలి. ఆకుమచ్చకు వాడే శిలీంధ్రనాశినిని పల్లాకు మీద కొట్టడమంటే డబ్బు పారబోసుకోవడమే.

వైరస్‌లలో ఎక్కువ భాగం మన జోలికీ పంటల జోలికీ రావు. వాటి వేట బాక్టీరియాల మీద, ఆర్కియా మీద. బాక్టీరియాను పట్టే వైరస్‌ను ఫేజ్ అంటారు. టీ4 అనే ఫేజ్ తన కాళ్లతో ఈ.కోలి గోడ మీద వాలి, తోకను గోడలోకి దించి, డీఎన్‌ఏను లోపలికి పంపుతుంది. అర్ధగంట తిరగకుండా కణం పగిలి వందకు పైగా కొత్త ఫేజ్‌లు బయటికొస్తాయి. ఇంత దాడి జరుగుతుంటే బాక్టీరియాలు ఊరుకోలేదు, ఆర్కియా అంతకన్నా ఊరుకోలేదు. 1993లో స్పెయిన్‌లో ఉప్పు మళ్ల ఆర్కియాను చదువుతున్న ఫ్రాన్సిస్కో మోహికాకు, డీఎన్‌ఏలో ఒకే వాక్యం మళ్లీ మళ్లీ, నడుమ కొత్త కొత్త ముక్కలతో కనిపించింది. అంతకు ముందు 1987లో జపాన్‌లో ఇషినో బృందం ఈ.కోలిలోనూ అలాంటిదే చూసింది, అర్థం మాత్రం తెలియలేదు. ఆ నడుమ ముక్కలు పాత వైరస్‌ల డీఎన్‌ఏ తునకలని 2005లో మోహికా గుర్తించారు. దాడి చేసినవాడి ఆనవాలు దాచుకుని, మళ్లీ వస్తే కత్తిరించే రక్షణ అది. 2007లో పెరుగు బాక్టీరియాలో దాన్ని ప్రయోగంతో రుజువు చేశారు. 2012లో ఆ కత్తెరను మనం కోరిన చోట వాడవచ్చని చూపించిన ఎమ్మాన్యుయెల్ షార్పెంటియే, జెన్నిఫర్ డౌడ్నాలకు 2020లో నోబెల్ వచ్చింది. 2025 మేలో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన జన్యు సవరణ వరి రకాల్లో ఒకటైన కమలను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ ఇలాంటి కత్తెరతోనే తయారుచేసింది. దాని మూలం బాపట్లలో పుట్టిన సాంబ మసూరి. ఉప్పు మడిలోని జీవి వైరస్‌తో చేసిన పోరాటం మన అన్నం గింజ దాకా వచ్చింది.

ఇక మందుల సంగతి. పెన్సిలిన్ బాక్టీరియా గోడ అల్లికను చెడగొడుతుంది. మన కణాలకు ఆ గోడ లేదు కనుక వాటి మీద ఈ దెబ్బ పడదు. టెట్రాసైక్లిన్ కుటుంబం బాక్టీరియా రైబోజోముకు అడ్డుపడుతుంది. ఆ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1948లో ప్రకటించింది లెడర్లీ ప్రయోగశాల. అక్కడ పరిశోధనలకు సారథి మన సుబ్బారావే. ఆయన నాయకత్వంలో బెంజమిన్ దుగ్గర్, మిస్సోరీలోని ఒక పొలం మట్టి నుంచి వచ్చిన స్ట్రెప్టోమైసిస్‌లో దాన్ని కనిపెట్టారు. మట్టి వాసనకు కారణమైన జాతే ఆ మందునూ ఇచ్చింది. వైరస్‌కు ఆ గోడా లేదు, ఆ రైబోజోమూ లేదు. కాబట్టి జలుబుకు, ఫ్లూకు, డెంగీకి యాంటీబయాటిక్ మింగితే వైరస్‌కు ఏమీ కాదు. పేగుల్లోని మంచి బాక్టీరియాలు చస్తాయి, మిగిలినవి మందుకు మొండికేయడం నేర్చుకుంటాయి. నేర్చిన విద్యను ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం రూపంలో పక్క జాతికి కూడా అందిస్తాయి. ఈ నష్టం మింగినవాడితో ఆగదు.

పసుపు గురించి కూడా ఒక మాట. కర్క్యుమిన్ గాజు పళ్లెంలో కొన్ని బాక్టీరియాలను అణచగలదు. మింగిన కర్క్యుమిన్ మాత్రం రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది, కాబట్టి పసుపు పాలు వైద్యానికి బదులు కాలేవు. కొమ్ములను ఉడికించడం వల్ల చాలా సూక్ష్మజీవులు చస్తాయి, కానీ బాసిల్లస్ జాతి బీజాలు ఆ వేడిని తట్టుకుంటాయి. అవి మొలకెత్తకుండా ఆపేది ఎండ. కళ్లంలో బాగా ఎండి తేమ పది శాతానికి తగ్గిన కొమ్ములో ఏ బాక్టీరియా పెరగలేదు.

చివరిగా చేనుకు. పసుపును ఎక్కువగా ఏడిపించే దుంపకుళ్ళుకు ముఖ్య కారణం పిథియం. అది ఈ మూడు జాతుల్లో ఏదీ కాదు, శిలీంధ్రాన్ని పోలిన వేరే జీవి. నీరు నిలిచిన చోట పెరుగుతుంది. అందుకే దానికి యాంటీబయాటిక్ పొడి పని చేయదు. మురుగు నీరు పోయే కాలువ, విత్తనశుద్ధి, వేపపిండి, ట్రైకోడెర్మా పని చేస్తాయి. టమాటా, వంగ, అల్లం పంటల్లో పచ్చి మొక్క ఉన్నట్టుండి వాడిపోతే అది బాక్టీరియా ఎండు తెగులు కావచ్చు. కాండాన్ని మొదట్లో అడ్డంగా కోసి, గాజు గ్లాసులోని తేటనీటిలో కోసిన కొస మునిగేలా పట్టుకోండి. కొన్ని నిమిషాల్లో కొస నుంచి పాల దారం లాంటిది కిందికి దిగితే బాక్టీరియానే. దిగకపోతే వేరే కారణం వెతకాలి.

కమ్మర్‌పల్లిలోనే పసుపు పరిశోధన కేంద్రం ఉంది. మందు కొనే ముందు తెగులు సోకిన మొక్కను దుంపతో, చుట్టూ ఉన్న మట్టితో సహా తవ్వి అక్కడికి తీసుకెళ్లి చూపించండి. ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే ఇది బాక్టీరియానా వైరసా అని డాక్టరును అడగండి. మాత్రల పట్టీ మీద ఎర్ర గీత ఉంటే, డాక్టరు చీటీ లేకుండా దాన్ని కొనకండి.